ఏడు రోజుల చలువ

మా వంటింట్లో పప్పు డబ్బాలు పెట్టే అలమర పై అరలో రెండు మాత్రల అట్టలున్నాయి. ఒకటి నిండుది, పది మాత్రలు. రెండోదానిలో మూడు. మొత్తం పదమూడు. వాటికి గడువు తీరిపోయింది. గడువు తీరిన మందు ఇంట్లో ఉంచకూడదని ఇరవై ఎనిమిదేళ్ళు తల్లులందరికీ చెప్పినదాన్ని నేనే. అయినా వాటిని పారెయ్యలేదు.

నేను రావికమతం మండలంలో ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా చేశాను. పిల్లల బరువులు తూచి రిజిస్టరులో ఎక్కించడం, ఏ పిల్లకి ఏ నెలలో ఏ టీకా పడాలో చూసుకోవడం, బాలింతలకి జాగ్రత్తలు చెప్పడం నా పని. మా ఆయన పోయాడు, ఉద్యోగమూ అయిపోయింది. నాకు పిల్లలు లేరు. చోడవరంలో మా మరిది ఇంటికి చేరాను. మరిదికి రెండెకరాల చెరుకు. అతని భార్య, అంటే నా తోటికోడలు, నాకంటే పదకొండేళ్ళు చిన్నది. నన్ను అక్కా అంటుంది. వాళ్ళ కూతురు పెళ్ళయి మాడుగులలో ఉంది. ఇంట్లో మేం ముగ్గురమే.

రిజిస్టర్లు పోయినా రాసే అలవాటు పోలేదు. రోజూ నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాస్తాను. గ్యాసు బండ ఏ రోజు మార్చాం, ఆనపపాదు ఏ రోజు పిందె వేసింది, ఎవరికి ఎంత జ్వరం వచ్చింది, అన్నీ ఉంటాయి. నా తోటికోడలు వీధిలో అందరితో ఈ సంగతి చెప్పి నవ్వేది.

“మా అక్క పుస్తకంలో నా తుమ్ములు కూడా ఉంటాయమ్మా. ఏ పూట ఎన్ని తుమ్మేనో రేపు యముడికి సూపిస్తాది,” అనేది.

వీధిలో వాళ్ళకి నేనంటే గురి. పిల్లకి విరేచనాలయినా, ముసలాయనకి కాలు వాచినా ముందు నా దగ్గరికి వచ్చి, తరవాతే ఆసుపత్రికి వెళ్ళేవారు. ఆ గురి నాకు బాగుండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఈ సంగతి రెండేళ్ళ కిందటి కార్తీకంలోది. అంతకు ముందటి కార్తీక పౌర్ణమినాడు నేనూ నా తోటికోడలూ లక్ష వత్తుల నోము పట్టాం. అది మా అత్తగారు మొదలుపెట్టి తీర్చలేకపోయిన నోము. ఏడాది పొడుగునా చేత్తో లక్ష వత్తులు చేసి, పౌర్ణమినాడు నేతిలో తడిపి ఒక్కసారి వెలిగించాలి. నేను కాగితం మీద లెక్క వేశాను. మనిషికి యాభై వేలు. పౌర్ణమి నుంచి పౌర్ణమికి మూడువందల యాభై నాలుగు రోజులు. రోజుకు మనిషికి నూట నలభై రెండు చేస్తే చాలు. ఎవరి యాభై వేలు వాళ్ళే చెయ్యాలని నియమం పెట్టాను. ఆ నియమం శాస్త్రంలో లేదు. నేను పెట్టిందే.

వత్తి వేళ్ళ కొసలతో చేసే పని. చిటికెడు దూది లాగి, వేళ్ళకి కాస్త విభూతి అద్దుకుని, అరచేతి మీద ఒక్క తీరున నలపాలి. మామూలుగా ఆమె చేతిలో వత్తి నా వత్తికంటే అందంగా వచ్చేది. రోజూ సాయంత్రం ఇద్దరి వత్తులూ నేనే చూసేదాన్ని. రెండు కొసలూ పట్టుకుని మెల్లిగా లాగితే సాగిపోయిందంటే అది వదులు వత్తి. దాన్ని పాత దిండు గలీబులోకి తీసేసేదాన్ని. పుస్తకంలో రెండు గళ్ళు గీశాను. ఒకటి ఒప్పినవి, రెండోది తీసేసినవి. మొదటి గడి మొత్తం ఏ రోజుకారోజు కట్టేదాన్ని. రెండోదానికి మొత్తం కట్టవలసిన పని ఉందనుకోలేదు.

నా యాభై వేలు దసరాకే పూర్తయ్యాయి. ఆమెకి ఇల్లు, వంట, కళ్ళంలోకి కూలీల కేరేజీ ఉండడంతో కొంచెం వెనకబడింది.

దీపావళికి వారం ముందు మా వీధి పిల్లలందరికీ దగ్గు వచ్చింది. పొడి దగ్గు. వాళ్ళకి తగ్గి ఈమెకి పట్టుకుంది. మంచం ఎక్కలేదు. వంట చేసేది, బట్టలుతికేది, దగ్గు తెర వస్తే గుమ్మం పట్టుకుని నిలబడి, పోయాక మళ్ళీ పనిలో పడేది. నేను రోజూ రెండు పూటలా జ్వరం చూసి రాశాను. తొంభై తొమ్మిదిన్నర, నూరు, మళ్ళీ తొంభై తొమ్మిది. నూటొకటి దాటలేదు కాబట్టి జ్వరం కాదని నా లెక్క.

కార్తీకం మొదటి రోజు నుంచి తెల్లవారకుండా తలస్నానాలు మొదలయ్యాయి. బోరు నీళ్ళు ఆ వేళప్పుడు గోరువెచ్చగా ఉంటాయి. అవి పనికిరావన్నాను. ముందు రోజు సాయంత్రమే పెరట్లో సిమెంటు తొట్టి నింపి, రాత్రంతా మంచులో ఉంచిన నీళ్ళతో పోసుకోవాలి. మనిషికి పన్నెండు చెంబులు. తలమీంచి నేనే పోసేదాన్ని, లెక్క తప్పకుండా.

“మొదటి చెంబే శివుడిది అక్కా, మిగతా పదకొండూ నీవి,” అని వణుకుతూ నవ్వేది.

అయిదో రోజుకి దగ్గు పక్కలు పీకేస్తోందని మరిది పట్టుబట్టి చోడవరంలోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఎక్స్‌రే తీసి, డాక్టరు తీరిగ్గానే చెప్పాడు. ఇది నిమోనియాలో ఒక రకం. మామూలు నిమోనియాలాగా మనిషిని పడెయ్యదు. తిరుగుతూనే ఉంటారు, అందుకే ఎవరూ పట్టించుకోరు. మాత్రలు పది రోజులు, పూటకొకటి, మొత్తం ఇరవై. మధ్యలో ఆపకూడదు. కొత్తగా ఏ ఇబ్బంది వచ్చినా వెంటనే రావాలి.

“ఇంకేమన్నా అడగాలా అమ్మా?” అన్నాడు నన్ను చూసి.

“ఏం లేదు బాబూ,” అన్నాను.

చన్నీళ్ళ స్నానం సంగతి అడగలేదు. మరిచిపోయి కాదు. అడిగితే వద్దంటాడని తెలుసు.

ఎనిమిదో రోజు అష్టమి. ఆ సాయంత్రం రెండు సంగతులు జరిగాయి. ఒకటి, నేను వత్తుల మొత్తం కట్టాను. ఆమెవి నలభై తొమ్మిదివేల మూడువందల ఎనభై ఎనిమిది. ఇంకా ఆరువందల పన్నెండు కావాలి. ఏడు రోజుల్లో పౌర్ణమి.

“రోజుకి ఎనభై ఎనిమిది చేస్తే సరిపోతాయే,” అన్నాను.

“నా వేళ్ళు మొద్దుబారిపోతన్నాయక్కా. దూది పట్టుకున్నట్టే తెలవడం లేదు.”

“చలికాలం ఎవరికైనా అంతే.”

“పోనీ ఓ రెండొందలు నువ్వు సేసీకూడదేటి? నీవి అయిపోనాయి కదా. శివుడు సేతులు సూస్తాడేటి?”

“ఎవరి వత్తులు వాళ్ళవే.”

రెండొందల వత్తులు నాకు రెండు గంటల పని. ఆ రెండు గంటలూ ఆ వేళ నేను వరండాలో కూర్చుని పంచాంగం చూశాను.

రెండో సంగతి, కాసేపటికి ఆమె పెరటి గుమ్మంలోంచి నన్ను పిలిచింది.

“అక్కా, ఇలా ఒక్కసారి రా. సెబితే నవ్వుతావు. ఒంటికెళ్తే పెనం మీద కాగిన చెరుకు రసం లాగొస్తంది.”

నిజంగానే అలాగే ఉంది. బెల్లం వండే పెనంలో రసం ముదిరాక వచ్చే ముదురు రంగు. కడుపులో మంటగా ఉందని కూడా అంది. ఆ మాత్రలు వేసుకున్నప్పట్నుంచీ గుండె కింద మండుతోందట.

నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

“వేడి చేసింది. ఆ మాత్రల వేడే ఇది. ఇంక వాటిని వేసుకోకు.”

“డాక్టరు పది రోజులూ ఎయ్యమన్నాడు కదేటి?”

“డాక్టరు నీ ఒళ్ళు ఒక్కసారి చూశాడు. నేను ఇరవై రెండేళ్ళుగా చూస్తన్నాను.”

మరిది నోరు విప్పబోయాడు. “వదినా, ఓపాలి డాక్టరికి సూపించీస్తే…”

“ఎందుకు? మళ్ళీ ఇంకో వేడి మందు రాస్తాడు. చలువ చేస్తే రెండు రోజుల్లో పోతాది.”

అతను నా మాట కాదనేవాడు కాదు. నా దగ్గరే అక్షరాలు దిద్దుకున్నవాడు. ఇరవైలో ఏడు మాత్రలు అయ్యాయి. పదమూడు అలమరలోకి వెళ్ళాయి.

చలువ అంటే మా ఇళ్ళల్లో ఎవరికీ నేర్పక్కర్లేదు. పుస్తకంలో తొమ్మిదో రోజు పేజీలో ఇలా ఉంది: ఉదయం సబ్జా నీళ్ళు, పదింటికి కొబ్బరిబొండం, మధ్యాహ్నం కుండలో పలచటి మజ్జిగ, నడినెత్తిన ఆముదం, పొట్టమీద తడిగుడ్డ, చాప తీసేసి గచ్చు మీద పడక. స్నానం ఇరవై చెంబులు. చివరిదాని కింద గీత కూడా గీశాను. ముఖ్యమైనవాటి కింద గీత గీయడం నా అలవాటు.

పదో రోజు ఉదయం స్నానం అయ్యాక వత్తులు చెయ్యడానికి కూర్చుంది. వేళ్ళ కొసలు నీలంగా ఉన్నాయి. చెవుల అంచులూ అంతే.

“పంచలకి నీలం పెట్టి చెయ్యి కడుక్కోలేదేటే?” అని కసిరాను. “శివుడి వత్తులకి మరకలంటుకుంటాయి.”

ఆమె చేతులు తిప్పి చూసుకుంది. లేచి వెళ్ళి తొట్టి దగ్గర సబ్బుతో రుద్ది కడుక్కుంది. మళ్ళీ అదే తొట్టి, మళ్ళీ అవే చన్నీళ్ళు. మధ్యాహ్నానికి ఎండ వచ్చాక నీలం పోయింది. చూశావా, మరకే, అన్నాను.

పన్నెండో రోజు ఆమె చేసిన వత్తుల్లో సగానికి సగం వదులువి. తీసేశాను. పదమూడో రోజు కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు అన్నాను, అదీ నేనే. పత్యం పెట్టాను: ఉప్పులేని మజ్జిగన్నం. దగ్గు మాత్రం అప్పటికి బాగా తగ్గింది. దాన్ని చూసుకుని నేను ధైర్యంగా ఉన్నాను. రోగం ఊపిరితిత్తుల్లోంచి పోతోందనుకున్నాను గాని, ఎక్కడికి పోతోందో ఆలోచించలేదు.

“మెట్టెక్కితే గుండెలు దడదడలాడతన్నాయక్కా,” అంది పద్నాలుగో రోజు. ఆ మాట కూడా రాశాను. పక్కన “నీరసం” అని రాశాను.

పౌర్ణమినాడు తెల్లవారుజామున తొట్టి దగ్గర ఆమె ముందు కూర్చుంది, నేను చెంబు ఎత్తాను. ఒకటి, రెండు, మూడు. పదకొండో చెంబుకి ఆమె చెయ్యి పైకెత్తి ఆపమంది. ట్యూబులైటు వెలుగులో ఆ చెయ్యి చూశాను. నాలుగు వేళ్ళూ నేరేడుపండు రంగులో ఉన్నాయి. చూపుడువేలు కొస ఇంకా నల్లగా ఉంది.

“ఇంకో తొమ్మిదే ఉన్నాయి,” అన్నాను. ఈ మాట ఎలా అన్నానో నాకు తెలీదు. అన్నాను.

ఆమె పక్కకి ఒరిగి తొట్టి అంచుకి తల ఆన్చింది. ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా తీసుకుంటోంది.

చప్పుడు విని మరిది వచ్చాడు. ఆమెని పొడి దుప్పటిలో చుట్టి ఎత్తుకున్నాడు. నేను చెంబు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

“ఇంకా ఆ సెంబేటి వదినా! పారీ దాన్ని!” అని అరిచాడు. అంత గట్టిగా అతను నా ముందు మాట్లాడడం అదే మొదలు.

చోడవరం డాక్టరు రక్తం చూశాడు. ఉండవలసినదానిలో సగం కూడా లేదు.

“మాత్రలు పది రోజులూ పడ్డాయా?” అన్నాడు.

“ఏడు మాత్రలు,” అన్నాను.

ఆయన నా వైపు చూసి విశాఖపట్నానికి కాగితం రాశాడు. అంబులెన్సు వెళ్తుంటే ముందు చెరుకు ట్రాక్టరు ఒకటి పక్కకి తప్పుకోవడానికి చోటు లేక చాలాదూరం దాని వెనకే వెళ్ళాం. నేను ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాను. మంచు ముక్కల్లా ఉన్నాయి.

విశాఖలో ఆసుపత్రిలో ముందు ఎవరికీ అంతు చిక్కలేదు. రక్తం తీసి పంపిస్తే గడ్డకట్టిందని మళ్ళీ తీయమన్నారు. మళ్ళీ అదే. మూడోసారి ఒక డాక్టరమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. రక్తం గొట్టాన్ని తన గుప్పిట్లో పెట్టుకుని కాసేపు మూసి ఉంచింది. తరవాత విప్పి వెలుగులో తిప్పింది. అంతకు ముందు గొట్టం గోడకి ఇసుకలా అంటుకున్న రేణువులు కరిగి మామూలు రక్తంలా జారాయి. కాసేపు బల్ల మీద పెట్టింది. మళ్ళీ ఇసుక.

“చల్లదనానికి ఇలా అవుతోంది,” అంది. “ఈమెకి ఎప్పట్నుంచి ఎలా ఉందో ఎవరైనా చెప్పగలరా?”

మరిది నా సంచీ వైపు చూపించాడు. “మా వదిన అంతా రాస్తాదండి.”

పుస్తకం ఇచ్చాను. ఆమె నిలబడే చదవడం మొదలుపెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్కనున్న ఇంకో డాక్టరుని పిలిచి చూపించింది.

“అమ్మా, ఇది మీరే రాశారా? ఇంత వివరంగా ఎవరూ తేరు. దగ్గు ఎప్పుడు మొదలయిందో, మూత్రం రంగు ఏ రోజు మారిందో, స్నానం తరవాత వేళ్ళు నీలం, ఎండలో మామూలు… చాలా ఉపయోగపడింది.”

తరవాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఊపిరితిత్తుల్లో నిమోనియా తెచ్చింది. దానితో పోరాడడానికి ఒళ్ళు తయారుచేసుకున్న పదార్థం కొందరిలో దారి తప్పి సొంత రక్తకణాలకే అంటుకుంటుంది. అది అంటుకునేది చల్లగా ఉన్నప్పుడు. వేళ్ళు, చెవులు, ముక్కు ముందు చల్లబడతాయి కాబట్టి అక్కడ రక్తం గుంపులు కట్టి ఆగిపోతుంది. కణాలు పగిలిపోతాయి. పగిలిన రక్తమే మూత్రంలో ఆ రంగు, కళ్ళల్లో ఆ పచ్చదనం. కామెర్ల రోగం కాదు, వేడీ కాదు. అరుదుగా వస్తుంది. వస్తే మొదటి మందు వెచ్చదనం.

“వెచ్చగా ఉంచాలి, అంతే,” అంది.

ఆమె వేలు తొమ్మిదో రోజు పేజీ మీద ఉంది. నేను గీసిన గీత మీద. ఆమె నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

“ఇక్కడ పదో రోజు బట్టల నీలం అనుకున్నట్టు రాశారు,” అని మాత్రం అడిగింది, “ఆ రోజు బట్టలకి నీలం పెట్టారా?”

మూడు పేజీలు వెనక్కి తిప్పాను. ఏడో రోజు కింద నా దస్తూరీయే: నీలం సీసా ఖాళీ, తేవాలి. కొత్త సీసా ఇంటికి వచ్చినట్టు ఎక్కడా లేదు. మూడు రోజుల ముందు నా చేత్తో నేను రాసుకున్నది చూడకుండా ఆమెని కసిరాను.

ఆ గదిలో ఏసీ ఆపేశారు. ఊలు మేజోళ్ళు, చేతి తొడుగులు, రెండు రగ్గులు. ఎక్కించే రక్తం కూడా గొట్టాన్ని ఒక మరలోంచి పోనిచ్చి వెచ్చబెట్టి ఎక్కించారు. మూడు సీసాలు. ఆగిపోయిన మందు మళ్ళీ మొదలుపెట్టారు. పంతొమ్మిది రోజులున్నాం. ప్రాణం దక్కింది. కుడి చూపుడువేలు కొస మాత్రం నల్లబడి ఎండిపోయింది. మొదటి కణుపు దాకా తీసేశారు. నడిమివేలు ఉంది గాని దానికి స్పర్శ రాలేదు.

వేలు తీసిన రోజు మరిది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను. నోట్లోంచి రాలేదు. అతనే అన్నాడు:

“టీ తాగుతావేటి వదినా?”

ఆ ఆసుపత్రిలో ఏడో రోజు మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే ఏమీ తోచక పుస్తకం తీశాను. ఏడాదిగా మొత్తం కట్టని రెండో గడి, తీసేసిన వత్తులది, కట్టడం మొదలుపెట్టాను. అష్టమి సాయంత్రం దాకా వచ్చేసరికి ఆరువందల నలభై. నమ్మక రెండోసారి కట్టాను. ఆరువందల నలభై.

నలభై తొమ్మిదివేల మూడువందల ఎనభై ఎనిమిదికి ఆరువందల నలభై కలిపితే యాభైవేల ఇరవై ఎనిమిది.

అంటే నేను ఇంకా ఆరువందల పన్నెండు కావాలని ఆమెని కూర్చోబెట్టిన సాయంత్రానికే ఆమె తన యాభై వేలూ చేసేసింది. ఇరవై ఎనిమిది ఎక్కువే చేసింది. వదులుగా ఉన్నాయని నేను గలీబులో పడేసిన వాటిలో సగం పైన ఆ చివరి రెండు వారాలవే. దగ్గుతో, మొద్దుబారిన వేళ్ళతో చేసినవి. వేళ్ళకి ఏదో అయిందని ఆ వత్తులు నాకు రోజూ చెబుతూనే ఉన్నాయి. నేను వాటిని లాగి చూసి పక్కన పడేశాను.

ఈ లెక్క ఆమెకి చెప్పలేదు. ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాను. ఇంటికొచ్చాక, బలం వచ్చాక అనుకున్నాను. మరుసటి కార్తీకంలో నోము మాట ఎవరూ ఎత్తలేదు. తెల్లవారుజామున నేను లేచి నీళ్ళు కాచి ఆమెకి ఇవ్వడం ఒక్కటే కార్తీకం. ఇలా రెండేళ్ళు గడిపాను. ఏ లెక్కా మర్నాటికి ఉంచనిదాన్ని.

మొన్న కార్తీకంలో ఆమే అడిగింది.

“అక్కా, ఆ వత్తులు మూటలో మగ్గిపోతన్నాయి. ఎలిగించీద్దాం. ఎలకలు కొట్టీకముందే.”

పౌర్ణమి సాయంత్రం పెరట్లో తులసికోట ముందు పెద్ద ఇత్తడి పళ్ళెం పెట్టాం. నా యాభై వేలు, ఆమెవాటిలో ఒప్పినవి, గలీబులోవి ఆరువందల నలభై, అన్నీ నేతిలో తడిపి పేర్చాను. ఒక చిన్న మూట మాత్రం పక్కన పెట్టాను.

ఆమె చూసింది. “ఆ మూటేటి ఏరుగా ఎట్టేవు?”

“అవి అక్కర్లేనివే.”

“ఎందుకక్కర్లేదు? నా సేతి వత్తులు కావేటి?”

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను, పుస్తకం తెరిచి అష్టమి పేజీ చూపిస్తూ. ఆ మూటలోవి అష్టమి తరవాత ఆరు రోజుల్లో చేసినవని, ఒప్పినవీ వదులువీ కలిపి నాలుగువందల ముప్ఫై ఏడని, వాటిలో ఒక్కటి కూడా చెయ్యవలసిన అవసరం లేకపోయిందని చెప్పాను. ఆమె చదువుకోలేదు గాని అంకెలు తెలుసు. కురచ వేలిని రెండు గళ్ళ మీదా మెల్లిగా జరుపుకుంటూ వచ్చింది.

“అయితే అష్టమినాటికే అయిపోనాయన్నమాట.”

“అయిపోయాయి.”

“నాను ఆ రోజే సెప్పేను కదక్కా, రెండొందలు సేసీమని. నువ్వు సెయ్యక్కర్లేదని అప్పుడు తెలిసుంటే ఎంత నవ్వుకుందుము.”

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మరిది అగ్గిపెట్టె పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆమె అగ్గిపెట్టె తీసుకుని, పుల్లని బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య పట్టుకుని గీసింది. మూడోసారికి వెలిగింది. మంట పెరిగాక ఇద్దరం వెనక్కి జరిగాం. ఆమె మాత్రం మళ్ళీ ముందుకు జరిగి చేతులు చాపింది, చలికాచుకుంటున్నట్టు.

“ఆ మూట నాకిచ్చీ,” అంది మంటవైపే చూస్తూ. “అవి దేవుడివి కాదు, నీవీ కాదు. నా సొంతం. రోజుకొకటి నట్టింట్లో ఎలిగించు. నువ్వే ఎలిగించాలి.”

రోజుకొకటి చొప్పున ఏడాది మీద డెబ్బై రెండు రోజులు వస్తాయి. ఈ వేళకి నలభై ఒకటి అయ్యాయి. మొదటి రోజు ఆ మూటలోని వదులు వత్తి ఒక ప్రమిదలో, నేను కొత్తగా గట్టిగా చేసిన వత్తి ఇంకో ప్రమిదలో, రెండింటికీ చెంచాడు చొప్పున నూనె పోసి ఒకేసారి వెలిగించి గడియారం చూశాను. రెండూ నలభై నిమిషాలకే కొండెక్కాయి. పుస్తకంలో రాశాను.